మధ్యస్థ బడ్జెట్‌లో కొత్త బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్: లైసెన్స్ నుంచి గురి సెట్ చేసుకునే దాకా

"అన్నా, ఏ రైఫిల్ కొనమంటావ్?" డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అక్టోబర్ వచ్చిందంటే మరీ ఎక్కువ. టెక్సస్‌లో జింకల వేట సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది కదా, అప్పటికి చేతిలో రైఫిల్ ఉండాలని అందరికీ తొందర.

నేను చెప్పే జవాబు బ్రాండ్ పేరుతో మొదలవదు. ఇవాళ 500 నుంచి 900 డాలర్ల మధ్య పేరున్న ఏ కంపెనీ బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి గుండుకీ బోల్ట్ అనే పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసే రకం) కొన్నా, కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి మించిన గురి దానికి ఉంటుంది. తేడా వచ్చేది వేరే చోట. రైఫిల్ మీ ఒంటికి సరిపోయిందా? కాల్చినప్పుడు అది భుజాన్ని వెనక్కి గుద్దే తన్ను మీరు భరించగలరా? కొన్నాక స్కోప్‌కి, తూటాలకి, ప్రాక్టీసుకి డబ్బు మిగిలిందా? ఈ మూడూ కుదిరితే బ్రాండ్ ఏదైనా పని జరుగుతుంది.

ఇదంతా అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్‌లో, తెల్లతోక జింకనో అడవిపందినో వేటాడాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేట అన్నదే లేదు కాబట్టి ఇందులోదేదీ అక్కడికి వర్తించదు.

## 1. ముందు మీ హక్కు సంగతి తేల్చుకోండి

పౌరసత్వం, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఈ భాగాన్ని త్వరగా చూసి ముందుకు వెళ్లొచ్చు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు మాత్రం ఒక్క ముక్క కూడా వదలకండి.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం.

ఇక్కడ చాలామంది పొరపడే విషయాలు నాలుగున్నాయి.

మొదటిది, నిషేధం కొనడం మీదే కాదు, దగ్గర ఉంచుకోవడం మీద కూడా. వారాంతంలో ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ కాల్చినా అది వర్తిస్తుంది. కాబట్టి రేంజ్‌కి వెళ్లకముందే లైసెన్స్ తీసుకోండి.

రెండోది, టెక్సస్‌లో సొంతదారు అనుమతితో ప్రైవేటు భూమిలో అడవిపందుల్ని కాల్చడానికి 2019 నుంచి రాష్ట్ర లైసెన్స్ అక్కర్లేదు. ఇది విని వీసా మీద ఉన్నవాళ్లు లైసెన్స్ తీసుకోకుండా వెళ్లిపోతున్నారు. రాష్ట్రానికి అక్కర్లేకపోయినా ఫెడరల్ మినహాయింపు నిలబడేది ఆ లైసెన్స్ మీదే. దాన్ని వదలకూడదు.

మూడోది, టెక్సస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్త సంవత్సరం లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి. సీజన్ నవంబర్‌లో కదా అని రెన్యువల్ ఆపితే, సెప్టెంబర్ ఒకటిన మీ అల్మరాలో ఉన్న రైఫిల్ చట్టవిరుద్ధంగా ఉన్నట్టే. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరం. "నాకు గ్రీన్‌కార్డు ఉంది, నా పేరు మీద కొని నీకిస్తాలే" అనే మాట. వేరేవాళ్ల డబ్బుతో, వేరేవాళ్ల కోసం, తన పేరు మీద కొనడాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం దీనికి 15 ఏళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది. స్నేహంకొద్దీ చేసినా నేరం నేరమే. తుపాకీ నేరం గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను సైతం దేశం నుంచి పంపించడానికి కారణం కాగలదు. గ్రీన్‌కార్డు ఫైల్ పెండింగ్‌లో ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి.

టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లో పూర్తిచేయొచ్చు. రూల్ కోసమని కాకుండా శ్రద్ధగా చేయండి. తుపాకీ మూతి ఎటువైపు ఉండాలో, జింకను ఏ కోణంలో కాల్చాలో, ఎప్పుడు కాల్చకుండా ఆగాలో అందులోనే చెబుతారు.

## 2. ఏ రాష్ట్రంలో, దేన్ని, ఎంత దూరంలో?

కాగితం మీద మూడు లైన్లు రాసుకోండి: రాష్ట్రం, జంతువు, దూరం. ఇవి రాయకుండా షాపుకి వెళ్తే సేల్స్‌మన్ తనకి నచ్చింది అమ్ముతాడు.

రాష్ట్రం ఎందుకంటే రూల్స్ బాగా మారిపోతాయి. న్యూజెర్సీలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ జింకల వేటకి షాట్‌గన్, మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు నింపే తుపాకీ), విల్లు తప్ప ఇలాంటి రైఫిల్ పనికిరాదు. ఒహాయోలో రైఫిల్ వాడొచ్చు గానీ మెడ దగ్గర సన్నబడని, తిన్నగా ఉండే స్ట్రెయిట్-వాల్ తూటాలే ఉండాలి. అక్కడివాళ్లు .350 లెజెండ్ అనే తూటాకి చేసిన బోల్ట్ రైఫిల్ చూసుకుంటే సరిపోతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసం బుల్లెట్లు పూర్తిగా నిషేధం. రాగి బుల్లెట్లు కొనాలి, వాటి ధర ఎక్కువ. టెక్సస్‌లో ఇలాంటి కట్టుబాట్లు తక్కువ. జింకకి రిమ్‌ఫైర్, అంటే .22 లాంటి చిన్న తూటా, వాడకూడదన్నది గుర్తుంచుకోండి.

దూరం గురించి నిజాయితీగా రాసుకోండి. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే. మీరు వెళ్లేది ఎవరిదో ర్యాంచ్‌కి, కూర్చునేది బ్లైండ్ అనే పెట్టెలాంటి గదిలో. ఎదురుగా మేత పడే చోటు 100 గజాల్లోనో 150 గజాల్లోనో ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూసే 600 గజాల షాట్లు మీకు అక్కర్లేదు.

## 3. బడ్జెట్ అంటే రైఫిల్ ధర కాదు

చేతిలో 1,200 డాలర్లు ఉన్నాయనుకుందాం. 1,000 పెట్టి రైఫిల్ కొని, మిగిలిన 200తో ఏదో ఒక స్కోప్ బిగించి, రెండు డబ్బాల తూటాలతో వేటకి వెళ్లడం అందరూ చేసే పని. దీన్ని తిరగేయండి. నేనైతే ఇలా పంచుతాను:

- రైఫిల్: 550
- స్కోప్: 250
- స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే రింగులు, బేస్: 50
- ప్రాక్టీసుకీ వేటకీ తూటాలు: 200
- తాళం పడే కేసు, ఇంట్లో లాక్: 100
- చెవులకి, కళ్లకి రక్షణ, శుభ్రం చేసే కిట్: 50

సేల్స్ ట్యాక్స్ దీనిపైన అదనం. టెక్సస్‌లో అది 8.25 శాతం దాకా ఉంటుంది. రేంజ్ ఫీజు కూడా లెక్కలో పెట్టుకోండి.

బడ్జెట్ తగ్గించాల్సి వస్తే రైఫిల్ మీద తగ్గించండి, తూటాల మీద కాదు. 400 డాలర్ల రైఫిల్‌తో వంద తూటాలు కాల్చినవాడు, 1,000 డాలర్ల రైఫిల్‌తో పది కాల్చినవాడికంటే సూటిగా కాలుస్తాడు.

## 4. తూటా ఎంచుకోవడం: తన్ను దగ్గర అబద్ధం చెప్పుకోకండి

కొత్తవాళ్ల గురిని పాడుచేసేది దూరం కాదు, గాలి కాదు, తన్ను. రైఫిల్ భుజాన్ని గట్టిగా గుద్దుతుందని ఒంటికి తెలిశాక, ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది. దీన్ని ఫ్లించ్ అంటారు. ఒకసారి అలవాటైతే వదిలించుకోవడం చాలా కష్టం. అందుకే మొదటి రైఫిల్‌కి తక్కువ తన్నే తూటా తీసుకోమని అందరికీ చెబుతాను.

జింకకీ పందికీ పనికొచ్చే, దాదాపు ప్రతి షాపులో దొరికే తూటాలు ఇవి:

.243 విన్‌చెస్టర్. తన్ను అన్నిటికంటే తక్కువ. సన్నగా ఉన్నవాళ్లకి, ఇంట్లో పిల్లలు కూడా నేర్చుకునేట్టుంటే బాగా సరిపోతుంది. జింకకి 95-100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ వాడండి. పెద్ద మగ పందులకి ఇది కొంచెం తక్కువే, గుండు పడే చోటు విషయంలో జాగ్రత్త పడాలి.

6.5 క్రీడ్‌మోర్. 2007లో వచ్చింది. తన్ను మెత్తగా ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది, దాదాపు ప్రతి మోడల్ దీనిలో వస్తుంది. ఏదీ తేల్చుకోలేకపోతున్నవాళ్లకి నా ఓటు దీనికే.

7ఎంఎం-08 రెమింగ్టన్. జింకకి చక్కటి తూటా. చిన్న షాపుల్లో డబ్బాలు కాస్త తక్కువగా కనిపిస్తాయి.

.308 విన్‌చెస్టర్. 1952 నుంచి ఉంది. రకరకాల తూటాలు, అన్ని ధరల్లో. తన్ను మధ్యస్థం. జింక, పంది రెండూ సమానంగా వేటాడాలంటే ఇది మంచిది.

.270 విన్‌చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్. రెండూ గొప్పవే. కానీ .30-06 తన్ను .243తో పోలిస్తే దాదాపు రెట్టింపు. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకి వెళ్లే ఆలోచన నిజంగా ఉంటే చూడండి.

పేరు చివర మాగ్నమ్ అని ఉన్నవేవీ మొదటి రైఫిల్‌గా వద్దు. 150 గజాల్లో జింకకి దాంతో మీకు ఒరిగేదేమీ లేదు.

నిర్ణయించుకునే ముందు మీకు దగ్గర్లోని రెండు షాపులకి వెళ్లి, ఆ తూటా ఎన్ని రకాలుందో, డబ్బా ఎంతో చూసి రండి. ఇప్పుడు మామూలు వేట తూటాలు 20 ఉన్న డబ్బా సుమారు 25 నుంచి 45 డాలర్లు పడుతోంది. షాపు అల్మరాలో లేని తూటాకి రైఫిల్ కొనొద్దు.

## 5. మీ ఒంటి కొలత తీసుకోండి

ఎక్కువ చర్చ జరగని విషయం ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

రైఫిల్ వెనక కొన నుంచి ట్రిగ్గర్ వరకు ఉన్న దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. మామూలు మోడళ్లలో ఇది 13.75 అంగుళాల దగ్గర ఉంటుంది. అది పొడుగ్గా, వెడల్పు భుజాలతో ఉన్న మనిషికి తీసిన కొలత. ఐదడుగుల నాలుగు, ఐదు అంగుళాల మనిషి దాన్ని భుజానికెత్తితే మెడ ముందుకి సాగుతుంది, ఎడమ చెయ్యి పూర్తిగా చాపాల్సివస్తుంది, కన్ను స్కోప్‌కి అందదు. అందుకని తల ముందుకి జరుపుతారు. అప్పుడే స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మకి తగిలి చర్మం చిట్లేది.

ఇంట్లో కొలుచుకునే పద్ధతి: మోచేతిని సరిగ్గా ఎల్ ఆకారంలో వంచండి. మోచేతి మడత లోపలి భాగం నుంచి చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం వరకు టేపుతో కొలవండి. ఆ అంకె మీకు నప్పే పొడవుకి దగ్గరగా ఉంటుంది. 13 అంగుళాల కంటే తక్కువ వస్తే కాంపాక్ట్ మోడల్ గానీ, పొడవు తగ్గించే వీలున్న స్టాక్ (భుజానికి ఆనే కర్ర లేదా ప్లాస్టిక్ భాగం) గానీ చూడండి. కాంపాక్ట్ మోడళ్లు 12.5 అంగుళాల దగ్గర దొరుకుతాయి. దాని పేరులో యూత్ అని రాసి ఉంటే పిల్లలదనుకుని వదిలేయకండి. కొలత కుదిరితే అదే మీ రైఫిల్.

షాపులో చేసే పరీక్ష ఇంకా బాగా పనిచేస్తుంది. నవంబర్ తెల్లవారుజామున వేసుకునే జాకెట్ వేసుకునే వెళ్లండి. స్కోప్ బిగించిన రైఫిల్ ఇమ్మని అడగండి. ఖాళీగా ఉందని చూసుకుని, సేల్స్‌మన్ చెప్పిన వైపు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికెత్తండి. చెంప స్టాక్ మీద ఆనించి హాయిగా అనిపించిన చోట ఆగండి. ఇప్పుడు కళ్లు తెరవండి.

స్కోప్‌లో గుండ్రటి బొమ్మ నిండుగా కనిపిస్తే కుదిరినట్టు. అంచుల్లో నల్లటి నీడ కనిపించి, చూపు కోసం తల పైకెత్తాల్సివస్తే చెంప ఆనే ఎత్తు చాలలేదు. తల ముందుకో వెనక్కో జరపాల్సివస్తే పొడవు సరిపోలేదు, లేదా స్కోప్ బిగించిన చోటు తప్పు. బొటనవేలి కణుపుకీ ముక్కుకీ మధ్య సుమారు రెండు వేళ్ల సందు ఉండాలి. అంతకంటే దగ్గరైతే కాల్చినప్పుడు ముక్కు పగులుతుంది.

ఏ కన్ను బలమైనదో కూడా చూసుకోండి. రెండు చేతులూ చాపి, వేళ్ల మధ్య చిన్న త్రికోణం చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కదలకుండా ఉంటుందో అది బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే, స్కోప్ వాడేటప్పుడు ఆ కన్ను మూసుకుని నెట్టుకురావొచ్చు. ఎడమచేతి వాటంవాళ్లకి అదే వైపు బోల్ట్ ఉన్న మోడళ్లు చాలా కంపెనీలు చేస్తున్నాయి.

## 6. షాపు కౌంటర్ దగ్గర చేయాల్సినవి

రైఫిల్ చేతికి ఇచ్చాక మొదట బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూడండి, వేలితో తడమండి. సేల్స్‌మన్ చూసి ఇచ్చినా మీరు మళ్లీ చూడాలి. మూతి మనుషుల వైపు తిరగకూడదు. వేలు ట్రిగ్గర్ బయటే. ఖాళీ ట్రిగ్గర్ నొక్కి చూడాలంటే ముందు అనుమతి అడగండి.

☐ రైఫిల్‌ని భుజం మీద ఉంచే బోల్ట్‌ని వెనక్కి లాగి ముందుకి తోయండి. తిన్నగా కాకుండా కాస్త పైకి, కాస్త పక్కకి ఒత్తిడి పెట్టి కూడా చూడండి. చవక మోడళ్లలో ఇక్కడే పట్టేస్తుంది. కొంచెం గరుకుగా ఉంటే ఫర్వాలేదు, వాడే కొద్దీ నునుపవుతుంది. ఇరుక్కుపోతే వద్దు.

☐ ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఈడుస్తున్నట్టు కాకుండా ఒక్కసారిగా తెగినట్టు విడవాలి. బరువు 3 నుంచి 4 పౌండ్ల మధ్య ఉంటే వేటకి బాగుంటుంది. అంతకంటే తేలికైంది చల్లబడిన వేళ్లతో ప్రమాదం.

☐ సేఫ్టీ బొటనవేలికి అందాలి, పెద్దగా చప్పుడు చేయకూడదు. మూడు స్థానాల సేఫ్టీ ఉంటే, సేఫ్టీ తీయకుండానే బోల్ట్ తెరిచి తూటా బయటికి తీయొచ్చు. కొత్తవాళ్లకి ఇది నిజంగా మంచిది.

☐ బారెల్‌కీ ముందు కర్రకీ మధ్య డాలర్ నోటు దూర్చి వెనక్కి జరపండి. ఎక్కడా తగలకుండా, బోల్ట్ కదిలే భాగమైన యాక్షన్ దగ్గరి దాకా వెళ్లాలి. ముందు భాగాన్ని చేత్తో నొక్కి మళ్లీ చూడండి. పల్చటి ప్లాస్టిక్ స్టాక్ వంగి బారెల్‌కి ఆనితే గుండు ఒకచోట పడదు.

☐ మ్యాగజైన్ తీసి మళ్లీ పెట్టండి. టక్కున కూర్చోవాలి. అదనపు మ్యాగజైన్ ధర అడగండి, కొన్నిటికి ఆశ్చర్యపడేంత ఉంటుంది.

☐ బారెల్ మూతి అంచు చుట్టూ చూడండి. చిన్న గాటు ఉన్నా ఆ పీస్ వద్దని చెప్పండి.

బారెల్ పొడవు 20 లేదా 22 అంగుళాలు చాలు, బ్లైండ్ కిటికీలో ఇంతకంటే పొడుగు ఇబ్బంది. కాలిఫోర్నియావాళ్లకి ఒక మాట: రాగి బుల్లెట్లు అదే బరువున్న సీసం బుల్లెట్లకంటే పొడుగ్గా ఉంటాయి, వాటికి బారెల్ లోపల గుండుని తిప్పే గాడుల మెలిక వేగంగా ఉండాలి. 6.5 క్రీడ్‌మోర్ మామూలుగా 8 అంగుళాలకి ఒక చుట్టుతో వస్తుంది కాబట్టి చింత లేదు. 10 అంగుళాల మెలికతో వచ్చే .243లో మాత్రం తేలికపాటి రాగి బుల్లెట్లే వాడండి.

## 7. చూడదగ్గ మోడళ్లు

ధరలు షాపుని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి. వేసవిలో, సీజన్ ముగిశాక జనవరి చివర్లో బేరాలు బాగుంటాయి.

సావేజ్ యాక్సిస్. ఈ జాబితాలో అన్నిటికంటే చవక. మామూలు యాక్సిస్ కాకుండా అక్యూట్రిగ్గర్ (బరువు మార్చుకునే వీలున్న ట్రిగ్గర్) ఉన్న రకం తీసుకోండి. స్టాక్ పల్చన, బోల్ట్ గరుకు, కానీ గుండు చెప్పిన చోట పడుతుంది.

రూగర్ అమెరికన్. స్కోప్ బిగించే రెయిల్ దాంతోపాటే వస్తుంది, కాబట్టి కొంత డబ్బు మిగులుతుంది. రెండో తరం మోడల్‌లో స్టాక్ పొడవు, చెంప ఎత్తు మార్చుకునే వీలుంది. 550 డాలర్ల లోపు బడ్జెట్‌లో నేను మొదట చూపించేది దీన్నే.

సావేజ్ 110. అక్యూఫిట్ స్టాక్ ఉన్న రకంలో పొడవూ ఎత్తూ రెండూ మార్చుకోవచ్చు. భార్యాభర్తలు ఒకే రైఫిల్ వాడుకోవాలనుకుంటే దీనికి మించింది లేదు.

హోవా 1500. జపాన్ తయారీ. వెదర్‌బీ వాన్‌గార్డ్ కూడా ఇదే ఫ్యాక్టరీలో తయారవుతుంది. కాస్త బరువు, అందుకే తన్ను తక్కువ. రెండు దశల ట్రిగ్గర్, మూడు స్థానాల సేఫ్టీ. బ్లైండ్‌లో కూర్చుని వేటాడేవాళ్లకి ఈ బరువు లాభమే.

టిక్కా టీ3ఎక్స్ లైట్. ఫిన్‌లాండ్‌లో సాకో చేస్తుంది. బోల్ట్ ఇంత నునుపుగా ఈ ధరలో మరెక్కడా లేదు. తేలిక కాబట్టి .308 దాటితే బాగా తన్నుతుంది. 6.5 క్రీడ్‌మోర్‌లో తీసుకుంటే ఏళ్లతరబడి మరో రైఫిల్ వైపు చూడరు.

బెర్గారా బి-14. స్పెయిన్‌ది. మన బడ్జెట్‌కి పైఅంచు. స్కోప్‌కి డబ్బు మిగిలితేనే.

## 8. స్కోప్

3-9x40, అంటే 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే, 40 మిల్లీమీటర్ల అద్దం ఉన్న స్కోప్ చాలు. పాత సైజు అని చిన్నచూపు చూడకండి. బ్లైండ్ ముందుకి పంది 30 గజాల్లో వచ్చి నిలబడితే 3 రెట్లే కావాలి. 6-24 లాంటివి పెట్టుకుంటే అద్దం నిండా వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించవు.

లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్, బరిస్ ఫుల్‌ఫీల్డ్: ఈ మూడింటిలో ఏదైనా కళ్లకి నచ్చింది తీసుకోండి. షాపు లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. సాయంత్రం వెళ్లి, అనుమతి అడిగి, తలుపు దగ్గర నిలబడి నీడలో ఉన్న వస్తువుని చూసి పోల్చండి. జింక వచ్చేది ఆ వెలుతురులోనే.

స్కోప్‌తో కలిపి అమ్మే కాంబో ప్యాకేజీల్లో స్కోప్ సాధారణంగా నాసిరకంగా ఉంటుంది. విడిగా కొనడమే మేలు.

## 9. కొనే రోజు

లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు ఫారం నింపాలి. పేరు, ఇప్పటి చిరునామా ఐడీలో ఉన్నట్టే ఉండాలి. ఇల్లు మారి డ్రైవింగ్ లైసెన్స్ మార్చుకోకపోతే అక్కడే ఆగిపోతారు. పౌరులు కానివాళ్లు ఏలియన్ నంబర్ గానీ ఐ-94 నంబర్ గానీ రాయాలి, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా వాళ్లు హంటింగ్ లైసెన్స్ చూపాలి. ఫారంలో గంజాయి వాడకం గురించి కూడా ప్రశ్న ఉంటుంది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని అందులోనే రాసి ఉంటుంది.

ఫారం అయ్యాక ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్. చాలాసార్లు నిమిషాల్లో తేలుతుంది, కొన్నిసార్లు డిలేడ్ అని వస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, పేరు ఇంకొకరితో కలిసినా అలా వస్తుంది. కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి. ఇల్లినాయ్‌లో ముందు ఫాయిడ్ కార్డు (తుపాకీ ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉండాలి. అందుకే సీజన్‌కి వారం ముందు షాపుకి పరిగెత్తకండి. ఆగస్టు, సెప్టెంబర్ మంచి సమయం.

## 10. స్కోప్ బిగించి గురి సెట్ చేయడం

1. బారెల్‌ని ముందుగా శుభ్రం చేయండి. ఫ్యాక్టరీ నూనె లోపల ఉంటుంది. పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి.

2. బేస్, రింగులు బిగించండి. ఎంత బలంగా బిగించారో కొలిచే టార్క్ రెంచ్ కొనండి, కాదంటే అడిగి తెచ్చుకోండి. చాలా రింగులకి 15-18 ఇంచ్-పౌండ్లు అని మాన్యువల్లో ఉంటుంది. అందులో ఎంతుంటే అంతే. చేతికొద్దీ తిప్పితే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

3. ఆఖరి బిగింపుకి ముందు, ఎక్కువ జూమ్‌లో పెట్టి కళ్లు మూసి తెరిచే పరీక్ష మళ్లీ చేయండి. స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరిపి సరిచేయండి. కంటికీ అద్దానికీ మధ్య మూడున్నర అంగుళాల దాకా ఉండాలి.

4. దారానికి బరువు కట్టి గోడకి వేలాడదీయండి. రైఫిల్ ఒరగకుండా పెట్టి, స్కోప్‌లోని నిలువు గీత దారంతో కలిసేట్టు తిప్పి, స్క్రూలు అటూ ఇటూ కొంచెం కొంచెంగా బిగించండి.

5. రేంజ్‌లో రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి బోల్ట్ తీసేయండి. వెనక నుంచి బారెల్ గుండా చూస్తూ 25 గజాల్లోని టార్గెట్ మధ్యకి తెండి. రైఫిల్ కదపకుండా స్కోప్ గీతల్ని కూడా అదే చోటుకి తిప్పండి.

6. బోల్ట్ పెట్టి 25 గజాల్లో కాల్చండి. మామూలు స్కోప్‌లో నాబ్‌ని ఒక క్లిక్ తిప్పితే గుండు పడే చోటు 100 గజాల్లో పావు అంగుళం జరుగుతుంది. 25 గజాల్లో ఒక అంగుళం జరపాలంటే 16 క్లిక్‌లు. చాలామంది ఇక్కడ నాలుగే తిప్పి, స్కోప్ పాడైందనుకుంటారు.

7. 100 గజాలకి వెళ్లి మూడేసి గుండ్లు కాల్చండి. ఒక్క గుండు చూసి స్కోప్ తిప్పకండి, మూడింటి మధ్యబిందువు చూడండి. మూడు కాల్చాక బారెల్ చల్లారనివ్వండి.

8. రెండు మూడు కంపెనీల తూటాలు ప్రయత్నించండి. ఒకే రైఫిల్‌లో ఒకటి అంగుళంలో పడితే ఇంకొకటి రెండున్నర అంగుళాలు చెదరొచ్చు. బాగా పడినదాన్నే సీజన్ మొత్తానికి కొనుక్కోండి.

మూడు గుండ్లు 100 గజాల్లో ఒకటిన్నర అంగుళంలో పడితే చాలు. జింక గుండె, ఊపిరితిత్తుల ప్రాంతం సుమారు ఎనిమిది అంగుళాలు. 100 గజాలకి సెట్ చేసిన .308 గుండు 200 గజాల్లో మూడున్నర, నాలుగు అంగుళాలు కిందికి దిగుతుంది. అది గుర్తుంటే సరిపోతుంది.

తర్వాత బెంచీ వదిలేయండి. కూర్చుని, కర్రల ఊతంతో, కిటికీ చట్రం మీద చెయ్యి ఆనించి కాల్చండి. వేటలో ఇసుక సంచులుండవు.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు

గుండ్లు చెదిరిపోతున్నాయి. ముందు స్క్రూలు చూడండి: స్టాక్ స్క్రూలు, బేస్, రింగులు, ఈ వరసలో. తర్వాత తూటా మార్చండి. తర్వాత మీకంటే అనుభవం ఉన్నవాళ్లతో కాల్పించండి. వాళ్లకి బాగా పడితే రైఫిల్ తప్పు లేదు.

గుండ్లు కిందికి, ఒక పక్కకి పడుతున్నాయి. ఫ్లించ్ కావచ్చు. డమ్మీ తూటాలు కొని, అసలు తూటాల మధ్య మీకు తెలియకుండా ఒకటి పెట్టమని తోడు వచ్చినవాళ్లని అడగండి. ఖాళీ ట్రిగ్గర్ నొక్కినప్పుడు మూతి కిందికి వంగితే జబ్బు దొరికినట్టే. మందు: రోజూ ఇంట్లో, తూటాలు వేరే గదిలో పెట్టి, బారెల్ మీద నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం. రేంజ్‌లో చెవులకి లోపల ప్లగ్స్, పైన మఫ్స్ రెండూ పెట్టండి. సగం భయం చప్పుడుదే.

బారెల్ వేడెక్కితే గుండు ఒక చోట, చల్లగా ఉంటే ఇంకో చోట పడుతోంది. వేటలో మొదటి గుండు చల్లటి బారెల్ నుంచే వెళ్తుంది. కాబట్టి వేరువేరు రోజుల్లో మొదటి గుండు ఎక్కడ పడిందో ఒకే కాగితం మీద గుర్తుపెట్టుకోండి. మీ అసలు గురి అదే.

## 12. ఇంట్లో, ప్రయాణంలో

టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు అవుతుంది. తాళం ఉన్న పెట్టెలో రైఫిల్, వేరే తాళంలో తూటాలు, బోల్ట్ విడిగా. ఇంటికొచ్చే చుట్టాల పిల్లలు కూడా లెక్కలో ఉన్నారు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు రైఫిల్ ఎక్కడుందో, దాన్ని ముట్టుకోకూడదని వాళ్లకి చెప్పండి.

రేంజ్‌కి ఒక బ్యాగు పెట్టుకోండి. దాన్ని ఇంకే పనికీ వాడకండి. హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కే ముందు హ్యాండ్ బ్యాగులు, జాకెట్ జేబులు, సూట్‌కేసు పక్క జిప్‌లు తిరగేసి దులపండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా స్కానింగ్‌లో కనిపిస్తే ఇండియాలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, తిరుగు ప్రయాణం టికెట్ చేతిలో పెట్టుకుని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సివస్తుంది. కాల్చేసిన ఖాళీ తొడుగులు కూడా బ్యాగులో ఉంచకండి.